దివాన్‌ను దింపేది ఎవరు?

సాంఘికశాస్త్రంలో నిజాం నవాబుల పేర్లు వరుసగా బట్టీ పడతాం. కానీ రోజూ కాగితాలు చూసి, శిస్తు లెక్కలు తేల్చి, రాజ్యం నడిపినవాడు వాళ్ల కింద ఉండే దివాన్. ఇప్పటి మాటలో ప్రధానమంత్రి. ఆ పదవి గురించి చదువుతుంటే నాకు ఒకటే ప్రశ్న వచ్చింది. ఈయన్ని కుర్చీలోంచి దింపగలిగేది ఎవరు?

ఇంగ్లండులోనూ రాజులున్నారు. కానీ అక్కడ 1979లో ప్రధాని కాలహన్ పార్లమెంటులో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు, ఎన్నికలకు వెళ్లాడు, పదవి పోయింది. రాణి కోపగించినందుకు కాదు. మన మెస్ కమిటీ కూడా అంతే కదా, ఎన్నుకున్నది మనమే కాబట్టి పప్పు నీళ్లగా ఉంటే నిలదీస్తాం. (వార్డెన్ సార్ నవ్వుకోవద్దు!)

హైదరాబాద్ సంస్థానంలో అట్లా లేదు. దివాన్‌ను పెట్టేది నిజాం, తీసేది నిజాం, పక్కనుండి మాట వేసేది బ్రిటిష్ రెసిడెంటు. అయినా మంచి పనివాళ్లు రాకపోలేదు. మొదటి సాలార్‌జంగ్ 1853లో 24 ఏళ్లకే దివాన్ అయ్యాడు. ఖజానా అప్పులపాలై ఉంది. శిస్తు వసూలును గుత్తకు ఇచ్చేవాళ్లు, గుత్తదారు రైతును పిండుకునేవాడు. సాలార్‌జంగ్ ఆ పద్ధతిని తగ్గించి జీతగాళ్లైన అధికారులను పెట్టాడు, 1865లో జిల్లాబందీ చేశాడు. మనం ఇప్పుడు చెప్పుకునే జిల్లా, ఒకప్పటి తాలూకా ఏర్పాటుకు మూలం అక్కడుంది. 1869లో గద్దె మీదికి వచ్చిన నిజాంకు మూడేళ్లు కూడా నిండలేదు. కాబట్టి 1883లో చనిపోయేదాకా అసలు ఏలుబడి చాలావరకు సాలార్‌జంగ్‌దే.

కానీ మంచివాడు దొరకడం రైతు అదృష్టం, హక్కు కాదు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ 1914లో ప్రధానిని పక్కనపెట్టి అయిదేళ్లు తానే నడిపాడు. 1919లో మంత్రిమండలి పెట్టి, దాని అధ్యక్షుడిని సదర్-ఎ-ఆజం అన్నారు. మొదటి అధ్యక్షుడు సర్ అలీ ఇమాం. పేరు మారింది, ఓటు మాత్రం రాలేదు. పైగా నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-ఎ-బల్దా జిల్లా సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత భూమి. అక్కడి శిస్తు సర్కారు ఖజానాకు కాదు, ఆయన సొంత ఖజానాకు పోయేది. 1949 దాకా ఇదే తంతు.

మనవాళ్ల సంగతి ఇంకా బాధాకరం. అడవి భూముల కోసం కొమురం భీం పోరాడి 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు. ఆ తర్వాతే సర్కారు హైమన్‌డార్ఫ్‌తో గోండుల పరిస్థితి చూపించుకుంది. మార్లవాయిలో బడి, భూములకు పట్టాలు అప్పుడు వచ్చాయి. అర్జీ వినడానికి ఒక మనిషి చావాలా? ఓటుంటే అర్జీకి కాస్తయినా బరువుండేది అని నా అభిప్రాయం.

వినకపోతే ఏమవుతుందో 1947 అక్టోబరులో తేలింది. భారత ప్రభుత్వంతో ఒప్పందానికి ఢిల్లీ బయల్దేరబోతున్న ప్రధాని ఛతారీ నవాబు ఇంటిని రజాకార్ల గుంపు చుట్టుముట్టింది. ప్రయాణం ఆగింది, ఆయన రాజీనామా చేశాడు. ప్రజల సభ వెనక నిలబడని ప్రధాని కదా, గుంపు ముందు నిలవలేకపోయాడు. తర్వాత వచ్చిన లాయక్ అలీ 1948 సెప్టెంబర్ 17న దిగిపోయాడు.

1950లో నిజాం రాజప్రముఖ్ అయ్యాడు, పేరుకు పెద్ద అన్నమాట. ముఖ్యమంత్రిగా అధికారి వెల్లోడిని పెట్టారు. 1952లో 175 సీట్లకు ఎన్నికలు జరిగి, షాద్‌నగర్ నుంచి గెలిచిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యాడు. ఈ కుర్చీకి శాసనసభ వెనకుండటం అదే మొదలు. ఆ మంత్రివర్గంలో ఒకరు మన మొయినాబాద్ దగ్గరి పెద్దమంగళారం వారే, కొండా వెంకట రంగారెడ్డి. మన జిల్లా పేరు ఆయనదే.

1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం మీద బూర్గులతో పాటు ఈయనా సంతకం పెట్టారు. ముఖ్యమంత్రి ఆంధ్రవాడైతే ఉపముఖ్యమంత్రి తెలంగాణవాడు కావాలని అందులో ఉంది. నవంబరులో ఏర్పడిన సంజీవరెడ్డి మంత్రివర్గంలో ఆ పదవే లేదు. కొన్నేళ్లకు వచ్చింది, రంగారెడ్డికే.