చలి కడలిలో వెచ్చని సొర

స్కాట్లండుకూ ఆర్క్‌నీ దీవులకూ నడుమ పెంట్లండ్ ఫర్త్ అనే జలసంధి ఉన్నది. శీతకాలపు గాలులు ఆటుపోటుల ప్రవాహానికి ఎదురైనప్పుడు అక్కడ కెరటాలు నిట్టనిలువుగా లేస్తాయి. 1993 మార్చిలో అక్కడే 230 కిలోగ్రాముల పోర్‌బీగిల్ సొర గాలానికి చిక్కి, ప్రపంచ రికార్డుగా నమోదయింది.

సాధారణంగా చేపల ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడికి సమానం. మరి అంత చల్లని నీటిలో ఈ సొరకు అంత సత్తువ ఎక్కడిది? దాని కండరాల నుండి వెచ్చని రక్తాన్ని తెచ్చే సిరలూ, మొప్పల నుండి చల్లని రక్తాన్ని తెచ్చే ధమనులూ సన్నని నాళాలుగా చీలి, ఒకదానినొకటి ఆనుకొని ఎదురెదురుగా సాగుతాయి. కండరాల వేడి మొప్పల దాకా పోయి నీటిపాలు కాకుండా, దారిలోనే చల్లని రక్తానికి అందుతుంది. అందువల్ల లోపలి కండరాలు నీటికంటె 8-10 డిగ్రీల సెంటిగ్రేడు వరకు వెచ్చగా ఉంటాయి.

బలం మిక్కుటమైనా సంతానం స్వల్పం; ఈనిక ఒక్కింటికి సాధారణంగా నాలుగే పిల్లలు. మితిమీరిన వేటతో ఈ జాతి క్షీణించగా, 2010లో యూరోపియన్ యూనియన్ దాని వేట కోటాను సున్నా చేసింది. అద్దె పడవలలో వినోదానికి వెళ్లేవారు నేడు చిక్కిన సొరను పైకి లాగక, పడవ పక్కనే విడిచిపెట్టవలసి ఉన్నది. పెనుగులాట ఎంత త్వరగా ముగిస్తే, అది బ్రతికే అవకాశం అంత హెచ్చు.