మొప్ప చూచి చేప, రెప్ప చూచి రక్తం

చేపను కొనేవారు ముందుగా మొప్ప ఎత్తి చూస్తారు. ఎర్రగా ఉంటేనే బేరమాడతారు. ఈ లోకానుభవమే నాకు వైద్యంలో ఒక పాఠమైంది.

నేను వైద్యవృత్తి ప్రారంభించిన తొలి రోజులలో ఒక గృహిణి వచ్చింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ. శ్వాసరోగమని నిశ్చయించి అడ్డసరపు లేహ్యం ఇచ్చాను. రెండు నెలలైనా గుణం కనిపించలేదు. మా గురువుగారు ఆమె క్రింది కనురెప్పను కొద్దిగా లాగి చూచారు. లోపలి పొర తెల్లగా పాలిపోయి ఉన్నది. "చేపలు కొనేవాడు మొప్ప చూస్తాడు. నీవు రెప్పయినా చూడలేదేమయ్యా?" అన్నారు. అది పాండురోగం. బహిష్టులో అధిక రక్తస్రావం సంగతి నేను అడగనే లేదు.

గాలి చక్కగా అందుతున్నా ఆయాసమెందుకు? జంతువులను పరిశీలిస్తే తెలుస్తుంది. బొద్దింక దేహంలో సన్నని వాయునాళాలు గాలిని నేరుగా ప్రతి భాగానికీ చేరుస్తాయి. ప్రాణవాయువును మోసే పని దాని రక్తానికి లేదు. అది ఎర్రగానూ ఉండదు. చేపకు ఆ పని రక్తమే చేయాలి. రెండు గదుల గుండె రక్తాన్ని మొప్పలకు పంపుతుంది. అక్కడ బొగ్గుపులుసు వాయువును విడిచి, నీటిలోని ప్రాణవాయువును గ్రహించి, ఆ రక్తం అటే దేహమంతా తిరిగి గుండెకు చేరుతుంది. కప్ప గుండెకు మూడు గదులు. అది తడిచర్మంతోనూ శ్వాసిస్తుంది. ఆవుకూ మనకూ నాలుగు గదులు. కుడిభాగం ఊపిరితిత్తులకు, ఎడమభాగం దేహానికి రక్తాన్ని నెట్టుతాయి.

రక్తం ఇట్లా చక్రంవలె తిరుగుతుందని 1628లో విలియం హార్వే ప్రకటించాడు. ధమనులను సిరలతో కలిపే కేశనాళికలను 1661లో మాల్పీఘీ కప్ప ఊపిరితిత్తిలో సూక్ష్మదర్శినితో చూచాడు.

విశ్రాంతిలో మన గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని నడుపుతుంది. అందులో ప్రాణవాయువును మోసేది ఎర్రకణాలలోని హిమోగ్లోబిన్. దాని తయారీకి ఇనుము కావాలి. మోసే బండ్లు తగ్గితే ఉన్నవాటినే ఎక్కువసార్లు తిప్పాలి కదా! అందుకే గుండె దడదడలాడుతుంది, ఆయాసం వస్తుంది. చరకసంహిత చికిత్సాస్థానంలో పాండురోగం 16వ అధ్యాయం, హిక్కాశ్వాసలు 17వ అధ్యాయం. రెండూ కంఠస్థం చేసిన నేను, ఆ ఇరుగుపొరుగుల సంబంధాన్ని రోగిలో గుర్తింపలేకపోయాను.

ఆయాసముంటే రెప్ప చూడండి. అది సూచన మాత్రమే, రక్తపరీక్షతో నిర్ధారించుకోవాలి. గర్భిణులు కాని స్త్రీలలో హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత. ఆహారంలో తోటకూర, మునగాకు, పప్పుధాన్యాలు ఉండాలి. వాటితో ఉసిరి, నిమ్మ తీసుకుంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనంతో కాఫీ, టీలు వద్దు. లోహభస్మాలు స్వయంగా వాడరాదు. రక్తం ఎక్కడ పోతున్నదో కనుగొనక ఇనుము మాత్రమే ఇవ్వడం చిల్లికుండలో నీరు పోయడమే. కూర్చున్నా ఆయాసం తగ్గకున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

రక్తస్రావానికీ, పాండువుకూ చికిత్స జరిగిన కొన్ని నెలలకు ఆ తల్లి మా మేడమెట్లెక్కి వచ్చింది. ఆయాసం లేదు. నేను మాత్రం ముందు ఆమె రెప్పనే చూచాను.