కదలు కెమెరా, కదలరాని నేల

ఎన్నికల ఫలితములు వెలువడు రాత్రి టెలివిజన్ తెరపై వార్తలు చెప్పునతడు విశాలమైన మందిరమున నిలిచి మాటలాడుచుండును. వెనుక ఎత్తైన స్తంభములు, ప్రక్కన అంకెల పలక. ఇంతలో కెమెరా ప్రక్కకు తిరుగును. నాచు పట్టిన మెట్టుపై కాలు మోపినవానివలె ఆతడు నేలపై జారినట్లు కనబడును. చూచువారికి కారణము తెలియకపోవచ్చును. కాని ఇందేదో కల్ల యున్నదని కన్ను పసిగట్టును. చెప్పుచున్న అంకెలు నిజములే యైనను నమ్మిక సడలును. ప్రసారవృత్తిలోనున్న మేము ఈ జారుపాటును చిన్న లోపముగా నెంచకపోవుటకు కారణ మిదియే.

నిజమునకు ఆ మందిరము లేదు. స్టూడియోలో నున్నవి పచ్చరంగు పూసిన గోడలును నేలయును మాత్రమే. ఆ రంగు కనబడినచోటనెల్ల కంప్యూటరు తాను గీసిన మందిరమును నింపును. కెమెరా కదలనంతవరకు చిక్కులేదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’ నాటి మాస్కు చిత్రణలో కెమెరాను బిగించి యుంచుటయే సాధారణ నియమము. నేడు కెమెరా స్వేచ్ఛగా తిరుగును. కావున అది ఎక్కడ నున్నదో తెలుపు మూడు కొలతలు, ఎటు చూచుచున్నదో తెలుపు మూడు కోణములు, లెన్సు దృశ్యమును ఎంత దగ్గరకు తెచ్చినది, ఎంత దూరమున దృష్టి నిలిపినది – ఈ ఎనిమిది సంగతులును ప్రతి ఫ్రేమునకు కంప్యూటరునకు అందవలెను.

జపాను ప్రసారసంస్థ ఎన్.హెచ్.కె. 1988 నాటి సియోల్ ఒలింపిక్ క్రీడల ప్రసారమున ‘సింథెవిజన్’ అను ఇట్టి పద్ధతిని వాడినది. 1990వ దశకమున బి.బి.సి. పరిశోధకులు ‘ఫ్రీ-డి’ని రూపొందించిరి. స్టూడియో కప్పునకు వెలుతురును తిరుగగొట్టు గుండ్రని గుర్తుల నతికించి, మీదికి చూచు చిన్న కెమెరా నొకదానిని పెద్ద కెమెరాకు అమర్చిరి. చుక్కలను చూచి నావికుడు తానున్నచోటు నెరిగినట్లు, అది గుర్తులను చూచి తన స్థానము నెరుగును.

ఇక దోషమును పట్టుకొనుట ఎట్లు? నేలపై నిజమైన గుర్తు నొకటి వేసి, దానిమీదనే కంప్యూటరు గీసిన గుర్తును సరిగా నిలిపి, కెమెరాను కదల్చి చూడవలెను. రెండు గుర్తులును విడిపోవు తీరే రోగమును చెప్పును.

కదలునపుడు విడిపోయి, ఆగగనే కలిసికొన్నచో అది కాలదోషము. సెకనుకు 25 ఫ్రేముల ప్రసారములో ఒక్కొక్క ఫ్రేమునకు 40 మిల్లీసెకండ్లు. కెమెరా చిత్రమునకును కొలతలకును రెండు ఫ్రేముల తేడా వచ్చిన 80 మిల్లీసెకండ్లు. కెమెరా సెకనుకు 10 డిగ్రీల వేగమున తిరుగుచుండిన, అంతలో 0.8 డిగ్రీ దాటిపోవును. 40 డిగ్రీల దృశ్యము 1920 చుక్కల వెడల్పున నున్నచో జారుపాటు సుమారు 38 చుక్కలు! యంత్రములనన్నిటిని ఒకే గడియారపు తాళమునకు నడిపి, ముందు వచ్చినదానిని వెనుక వచ్చుదానికై ఆపియుంచుటయే దీనికి మందు.

దూరదృశ్యమున కుదిరి, దగ్గరకు తెచ్చినపుడు చెదరినచో దోషము లెన్సు కొలతలది. దృష్టి నిలుపు దూరము మారినను దృశ్యపు వెడల్పు కొంత మారును గనుక, లెన్సును అనేక స్థానములలో కొలువవలసియుండును. కెమెరాను తిప్పినపుడు దూరపు వస్తువులు నిలిచి, దగ్గరివి మాత్రము జారినచో, కొలత తీయు పరికరమునకును లెన్సు దృష్టికేంద్రమునకును నడిమి ఎడమును తప్పుగా లెక్కించినారన్నమాట. తిప్పినపుడు కుదిరి, కెమెరాను నడిపించినపుడు తప్పినచో స్టూడియో కొలమానమో దిక్కులో సరిగా లేవు. కదలకయే బొమ్మ వణకినచో కప్పుమీది గుర్తులకు దీపమేదైన అడ్డు వచ్చెనా, పరికరపు బిగింపు వదులైనదా అని చూడవలెను.

ఈ పరీక్షలకు వరుస ముఖ్యము. మొదట కాలము, పిదప లెన్సు, ఆ పిదప పరికరపు ఎడము, చివరకు స్టూడియో కొలమానము. ఒక దోషము మరియొకదానిని కప్పిపుచ్చును గనుక వరుస తప్పిన శ్రమ వృథా యగును. ప్రసారమునకు వేళ మించుచున్నపుడు గీసిన నేలనే చేతితో కొంచెము జరిపి సరిపెట్టవలెనని తోచును. కోణమున 0.1 డిగ్రీ తప్పు 5 మీటర్ల దూరమున సుమారు 9 మిల్లీమీటర్లగును. 10 మీటర్ల దూరమున దానికి రెట్టింపు. ఒకచోటికి జరిపి కుదిర్చినది మరియొకచోట చెదరక తప్పదు. అదియు ప్రసారము నడుచుచుండగా, లక్షలమంది చూచుచుండగా చెదరును.

ఈసారి ఇట్టి కార్యక్రమము వచ్చినపుడు పాఠకులు వార్తలు చెప్పునాతని ముఖమును కాక పాదములను గమనింతురుగాక. కెమెరా తిరుగునపుడు అవి నేలపై నిలిచియున్నచో, తెరవెనుక నెవరో ఆ సాయంకాలమంతయు నేలమీది గుర్తు నొకదానిని ఓపికతో చూచియుందురని తెలిసికొనవచ్చును.