వార్తల్లో పదం: అవైలబిలిటీ జోన్

క్లౌడ్ కంపెనీలు తమ డేటా సెంటర్లను ముందు ప్రాంతాలవారీగా విడదీస్తాయి. అదే రీజియన్. అమెజాన్‌కు మన దేశంలో ముంబయి ఒకటి (2016), హైదరాబాద్ మరొకటి (2022). రీజియన్ లోపలి భాగమే అవైలబిలిటీ జోన్. హైదరాబాద్‌లో ఇవి 3. ఒక్కో జోన్‌లో ఒకటి లేదా అంతకంటే ఎక్కువ డేటా సెంటర్లుంటాయి. కరెంటు, కూలింగ్, నెట్‌వర్క్ దేని దానికే. అమెజాన్ జోన్ల మధ్య కొన్ని కిలోమీటర్ల ఎడం తప్పనిసరి, అయినా 100 కి.మీ. దాటదు. మరీ దగ్గరైతే ఒకే వరద రెండింటినీ ముంచేస్తుంది. మరీ దూరమైతే ఇక్కడ రాసిన డేటా అక్కడికి చేరడం ఆలస్యమవుతుంది.

ఆ ఎడం విలువ ఏమిటో 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో తెలిసొచ్చింది. ఓవీహెచ్ సంస్థకు అక్కడ ఒకే ఆవరణలో 4 డేటా సెంటర్లు. అర్ధరాత్రి దాటాక మంటలు లేచాయి. ఐదంతస్తుల భవనం పూర్తిగా కాలిపోయింది, పక్కదానిలో కొన్ని గదులు బూడిదయ్యాయి, మిగతా రెండింటినీ ఆపేయాల్సి వచ్చింది. ఎవరికీ గాయాలు కాలేదు, అదొక్కటే ఊరట. బ్యాకప్‌నూ అక్కడే ఉంచుకున్న కొందరికి అసలూ నకలూ రెండూ దక్కలేదు. జోన్ అనే మాట వెనక ఎంత దూరం ఉందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న.

మీ సంస్థ డేటా క్లౌడ్‌లో ఉంటే, రెండో కాపీ ఏ జోన్‌లో ఉందో ఇవాళే అడిగి తెలుసుకోండి.