హెడ్‌సెట్ పారేసే ముందు ఇది చూడండి

కువైట్‌లో మా క్యాంపులో పాత ల్యాప్‌టాపులే ఎక్కువ. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాక కొందరు వాటిలో లైనక్స్ మింట్ వేయించుకున్నారు. అప్పటి నుంచి ఒకటే కంప్లైంట్: "అన్నా, పాటలు బాగానే వినిపిస్తయ్. ఇంటికి వీడియో కాల్ పెట్టంగనే అమ్మ గొంతు బావిలోంచి వచ్చినట్టుంటది."

వెంటనే బ్లూటూత్ హెడ్‌సెట్ పోయిందనుకుంటారు. మా రూములో ఒక తమ్ముడు 12 దినార్లు పెట్టి కొత్తది కొనబోయాడు. అతని జీతం 90. అంటే మూడు రోజుల పైచిలుకు కూలి. అతని హెడ్‌సెట్‌కి ఏ జబ్బూ లేదు.

నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేశాను. లైట్ వెలగకపోతే ముందు బల్బు మార్చం, కరెంటు ఎక్కడిదాకా వస్తుందో టెస్ట్ ల్యాంపుతో చూస్తాం. ఇక్కడా అంతే. అదే హెడ్‌సెట్‌ని ఫోన్‌కి కలిపి పాట పెట్టండి. బాగుంటే హెడ్‌సెట్ మంచిదే, తేడా ల్యాప్‌టాప్ వైపు ఉంది.

అసలు సంగతి ఇదీ. బేస్‌మెంట్ తవ్వే సైట్లో ర్యాంపు ఒకటే ఉంటుంది. లారీలు దిగడమే అయితే ర్యాంపు మొత్తం వాటిదే. ఎక్కేవీ దిగేవీ ఒకేసారి నడవాలంటే సగం సగం పంచుకోవాలి, పెద్ద లోడు పట్టదు. బ్లూటూత్ కూడా అలాంటిదే. పాట వినేటప్పుడు శబ్దం ఒకవైపే వస్తుంది, ఆ పద్ధతి పేరు ఏ2డీపీ. హెడ్‌సెట్ మైకు ఆన్ అయితే శబ్దం రెండువైపులా నడవాలి, అప్పుడు హెచ్‌ఎఫ్‌పీ అనే పద్ధతిలోకి మారిపోతుంది. అందులో పాత కోడెక్ సీవీఎస్‌డీ సెకనుకు 8,000 శాంపిళ్లే తీసుకుంటుంది. పాటకు మామూలుగా 44,100. అందుకే "స" లాంటి పదునైన అక్షరాలు పోతాయి, "స", "ఫ" ఒకేలా వినిపిస్తాయి. ఇంట్లోవాళ్లు మందు పేరో, ఊరి పేరో చెప్పినప్పుడు ఇది చిన్న విషయం కాదు.

చేయాల్సింది: మింట్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరవండి. ముందు ఇన్‌పుట్‌లోకి వెళ్లి హెడ్‌సెట్ మైకు బదులు ల్యాప్‌టాప్ సొంత మైకు, అంటే బిల్ట్-ఇన్ ఆడియో ఎంచుకోండి. తర్వాత అవుట్‌పుట్‌లో హెడ్‌సెట్ మీద నొక్కి, ప్రొఫైల్ దగ్గర "హై ఫిడెలిటీ ప్లేబ్యాక్" అని ఉన్నది పెట్టండి. "హెడ్‌సెట్ హెడ్ యూనిట్" అని ఉంటే మీ జబ్బు అదే. బ్రౌజర్‌లో కాల్ చేస్తుంటే, ఆ కాల్ సెట్టింగ్స్‌లో కూడా మైకు మార్చాలి. చాలామంది ఇది వదిలేస్తారు, మళ్లీ గొంతు మొద్దుబారిందని నా దగ్గరికి వస్తారు.

రూములో పది మంది ఉంటే ల్యాప్‌టాప్ మైకు అందరి మాటలూ పట్టేస్తుంది, నిజమే. హెడ్‌సెట్ మైకు తప్పనిసరి అయితే "పల్స్ ఆడియో వాల్యూమ్ కంట్రోల్" అనే ప్రోగ్రామ్ వేసుకోండి, సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఉచితంగా దొరుకుతుంది. దాని కాన్ఫిగరేషన్ పేజీలో ఎంఎస్‌బీసీ అని ఉన్న హెడ్‌సెట్ ప్రొఫైల్ కనిపిస్తే అది పెట్టండి. 16,000 శాంపిళ్లు, గొంతుకు చాలు. నన్నడిగితే, మాట్లాడేది అమ్మతో అయితే 1 దినార్ వైరు ఇయర్‌ఫోన్ అన్నిటికన్నా నయం.

గొంతు మొద్దుగా కాకుండా తెగి తెగి వస్తే అది వేరే జబ్బు. బ్లూటూత్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై ఒకే బ్యాండులో తిరుగుతాయి. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఉంటే దానికి కలపండి. బర్రుమని చిరిగినట్టు వస్తే వాల్యూమ్ 100 శాతం దాటిందేమో చూసి తగ్గించండి.

హెడ్‌సెట్ ఆఫ్ చేసి మళ్లీ కలిపినప్పుడు ప్రొఫైల్ ఒక్కోసారి పాతదానికే పోతుంది. కాల్ మొదలవగానే ఒక చూపు చూడండి.