నల్ల పొగ వస్తే టర్బో పోయినట్టేనా? బండి షెడ్డులో పెట్టే ముందు ఇవి చూసుకోండి

నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ ఎక్కేటప్పుడు బండి గుంజుత లేదు, వెనక నల్ల పొగ, ఎక్సలేటర్ ఎంత తొక్కినా పికప్ రాదు. బోథ్, ఇచ్చోడ వైపు డీజిల్ బండి నడిపేవాళ్లకు ఈ బాధ తెలుసు. షెడ్డుకి తీసుకెళ్తే చాలాసార్లు వినపడే మొదటి మాట "టర్బో పోయింది భాయ్". టర్బో మార్చాలంటే ఖర్చు వేలల్లో, కొన్ని బండ్లకు పదుల వేలల్లో. ఫైనాన్స్ మీద తీసుకున్న టాక్సీ అయితే రెండు మూడు కిస్తీల డబ్బు అక్కడే పోతుంది. కానీ నల్ల పొగకి కారణం ప్రతిసారీ టర్బో కాదు.

అసలు నల్ల పొగ అంటే ఏంటి? పూర్తిగా కాలని ఇంధనం, అంటే మసి. ఒక కిలో డీజిల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.5 కిలోల గాలి కావాలి. గాలి తగ్గినా, డీజిల్ ఎక్కువైనా మసే వస్తుంది. పొగ చూడగానే అందరూ డీజిల్ ఎక్కువ పోతోందనుకుని పంపు, ఇంజెక్టర్ల మీద పడతారు. టర్బో బండిలో ముందు అనుమానించాల్సింది గాలిని. టర్బో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగి గాలిని నొక్కి పంపుతుంది. ఆ గాలి ఇంటర్‌కూలర్ మీదుగా రబ్బరు పైపుల్లోంచి ఇంజన్‌లోకి పోతుంది. మధ్యలో ఒక పైపు పగిలినా, క్లిప్పు వదులైనా, సెన్సర్ లెక్కపెట్టిన గాలి బయటికి పోతుంది. కంప్యూటర్ మాత్రం గాలి వచ్చిందనుకుని దానికి తగ్గ డీజిల్ కొడుతుంది. పొగ, పికప్ లేకపోవడం రెండూ అక్కడి నుంచే.

అందుకే ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాలి. ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. పత్తి సీజన్‌లో మన రోడ్ల దుమ్ము, దూదికి అది తొందరగా మూసుకుపోతుంది. తర్వాత ఇంజన్ చల్లారాక టర్బో నుంచి ఇంజన్ దాకా ఉన్న ప్రతి పైపునీ చేత్తో తడిమి, వంచి చూడాలి. పగులు ఎక్కువగా అడుగు వైపే ఉంటుంది, పై నుంచి కనపడదు. పైపులో కొంచెం ఆయిల్ తడి మామూలే. అదే జాయింటు బయట ఆయిల్, మట్టి కలిసి మరక కట్టిందంటే గాలి అక్కడినుంచే పోతోందన్నమాట. ఎక్సలేటర్ తొక్కినప్పుడు 'సుయ్' మని శబ్దం వచ్చినా అదే అనుమానం. టర్బోని కంట్రోల్ చేసే సన్నటి వాక్యూమ్ పైపులను ఎలుకలు కొరికేస్తుంటాయి, వాటినీ వదలొద్దు.

ఇవన్నీ బాగుంటే స్కానర్ పెట్టించండి. పి 0299 అని వస్తే గాలి ప్రెషర్ తక్కువ ఉందని మాత్రమే అర్థం, టర్బో మార్చమని కాదు. తాళం ఆన్ చేసి ఇంజన్ ఆపి ఉంచితే ప్రెషర్ 100 కిలోపాస్కల్ దరిదాపుల్లో చూపిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు చాలా డీజిల్ బండ్లలో అది 200 దాకా పోవాలి. 120 దగ్గరే ఆగిపోతే గాలి లీకవుతోంది, లేదా టర్బో నొక్కడం లేదు. ప్రెషర్ సరిగ్గా ఉండి కూడా పొగ వస్తే అప్పుడు ఈజీఆర్ వాల్వు, ఇంజెక్టర్లు చూడాలి. ఈజీఆర్ తెరుచుకునే ఉండిపోతే కాలిన గాలే మళ్లీ లోపలికి వస్తుంది. ఇంజెక్టర్ కారుతుంటే బండి నిలబడి ఉన్నప్పుడు కూడా పొగ, టకటక శబ్దం ఉంటాయి. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే మాత్రం బండి నడపొద్దు, ఇంజనే పోతుంది.

టర్బోని చివర్లో చూడాలి. గాలి వచ్చే పైపు విప్పి షాఫ్టుని వేళ్లతో కదిపితే పక్కలకు కొద్దిగా ఊగడం మామూలే. ముందుకీ వెనక్కీ కదిలినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా నిజంగానే టర్బో పోయినట్టు. పొగ నీలం రంగులో ఉంటే ఆయిల్ కాలుతోందన్నమాట, అది వేరే కథ.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండి అయితే ఒక మెలిక ఉంది. సైలెన్సర్ లైన్‌లో ఉండే డీపీఎఫ్ మసిని పట్టేస్తుంది కాబట్టి నల్ల పొగ బయటికి రాకపోవచ్చు. పికప్ తగ్గి, డీపీఎఫ్ లైటు మాటిమాటికీ వెలుగుతుంటే అక్కడ కూడా ముందు చూడాల్సింది ఈ పైపులే. కారణం వదిలేసి డీపీఎఫ్ ఒక్కటే క్లీన్ చేయిస్తే కొన్నాళ్లకు మళ్లీ నిండుతుంది.

షెడ్డులో "టర్బో" అన్నప్పుడు మిస్త్రీని రెండు అడగండి: ప్రెషర్ రీడింగ్ ఎంత వచ్చింది? పైపులు విప్పి చూశారా? పాత పార్టు కూడా తిరిగి ఇవ్వమనండి.