విద్యోద్యోగపదములు

ఉన్నతపాఠశాలను విడిచి కళాశాలలోఁ జేరఁబోవు విద్యార్థికిఁ బ్రవేశప్రకటనములలోను దరఖాస్తులలోను గొన్ని పదము లెదురగుచుండును. వానిలోఁ బెక్కులు ప్రాఁతవే. అర్థములు మాత్రము క్రొత్తవి. ఈ భేదము నెఱుఁగనివాఁడు కావ్యపఠనమునందేకాక తన భవిష్యన్నిర్ణయమునందును బొరపడును.

స్నాతకుఁ డనఁగా గురుకులవాసము ముగించి సమావర్తనస్నానము చేసినవాఁడు. పెండ్లికి ముందు నేఁటికిని జరుపు స్నాతకవ్రత మా యాచారమునకు శేషము. విశ్వవిద్యాలయములు పట్టము లొసఁగు నుత్సవమునకు స్నాతకోత్సవమను పేరు దీనినుండియే కలిగినది. పట్టము నందినవాఁడు పట్టభద్రుఁడు. కావునఁ బట్టభద్రుఁడును స్నాతకుఁడును నేఁటి వాడుకలో నొక్కఁడే. స్నాతకోత్తరవిద్య యనఁగా బి.ఏ. మొదలగు తొలిపట్టము నందిన పిదపఁ జదువునది.

మనుస్మృతి ద్వితీయాధ్యాయము ననుసరించి, ఉపనయనము చేసి కల్పరహస్యములతో వేదమును జెప్పువాఁ డాచార్యుఁడు. వేదైకదేశమునుగాని వేదాంగములనుగాని జీవికకై చెప్పువాఁ డుపాధ్యాయుఁడు. నేఁడు జీత మిరువురకును గలదు. విశ్వవిద్యాలయమున ప్రొఫెసరు ఆచార్యుఁడు, పాఠశాలలోఁ జెప్పువాఁ డుపాధ్యాయుఁడు. భేదము స్థానమునుబట్టి యేర్పడినది.

పదివేలమంది శిష్యులకు నన్నము పెట్టి చదువు చెప్పిన ఋషిని పూర్వులు కులపతి యనిరి. నేఁడు ఛాన్సలరు కులపతి, వైస్ ఛాన్సలరు ఉపకులపతి. 'ఉప' యనుటచే నీతని నప్రధానునిగాఁ దలఁపరాదు, నిత్యపరిపాలన మీతనిదే. 1926లో నేర్పడిన యాంధ్రవిశ్వవిద్యాలయమునకుఁ దొలి యుపకులపతి కట్టమంచి రామలింగారెడ్డి.

వేతనము పనికిఁ బ్రతిఫలము. ఉపకారవేతనమట్లు కాదు, చదువు సాగుటకై విద్యార్థి కొసఁగు ధనసాహాయ్యము. వేతనశబ్దమును జూచి యది కొలువు చేయువారిదని యెంచి పేదవిద్యార్థి దరఖాస్తు మానినచోఁ జదువే నిలిచిపోవచ్చును.

అన్నిటికంటెను ముఖ్యమైనది వృత్త్యుద్యోగముల భేదము. ఉద్యోగమునకు మొదటి యర్థము ప్రయత్నము. భారతమున నైదవదగు నుద్యోగపర్వము యుద్ధప్రయత్నమును దెలుపునది. నేఁడది జీతమునకుఁ జేయు కొలువు. వృత్తి జీవనోపాయము; అగ్రహారశాసనములలో బ్రాహ్మణున కిచ్చిన భూభాగమును వృత్తియే, వ్యాకరణమున సూత్రవివరణమును వృత్తియే. ఆసుపత్రిలోఁ జేరిన వైద్యునకు వైద్యము వృత్తి, ఆసుపత్రిలోని కొలువు ఉద్యోగము. కొలువు పోయినను నేర్చిన వృత్తి పోదు. కనుక విద్యార్థి ముందుగా నిర్ణయించుకొనవలసినది వృత్తి. ఉద్యోగము దాని ననుసరించి వచ్చును.

ఉద్యోగపర్వకథను బోధించు పండితుఁ డా పదముయొక్క రెండర్థములను జెప్పినచో విద్యార్థికిఁ గావ్యమును దెలియును, ముందుత్రోవయుఁ దెలియును.